వెనక నుంచి వచ్చే బండి చప్పుడు నాన్నకు వినపడాలంటే

అన్నా, చెవి మిషన్ పెట్టినాక మీ నాన్నకు ఇంట్లో మాట బాగా అర్థమవుతోంది కానీ, నల్గొండ క్లాక్ టవర్ దగ్గర వెనక నుంచి బైక్ వచ్చినా తెలియట్లేదని రాశారు. మిషన్ చెడిపోయి ఉండకపోవచ్చు. నాకైతే సెట్టింగ్ మీదే అనుమానం.

ఈ రకం మిషన్లలో చాలావాటికి రెండు మైకులుంటాయి. శబ్దం ఏ మైకును ముందు చేరిందో చూసి, ఎదుటి మనిషి మాటను ఉంచి, వెనక శబ్దాన్ని తగ్గిస్తాయి. పైగా ఫ్యాన్ మోతలా ఆగకుండా వచ్చే చప్పుడును రొదగా లెక్కగట్టి అణచేస్తాయి. ఇంజన్ మోత కూడా అలాంటిదే కదా! వాల్యూమ్ పెంచితే ఈ తేడా పోదు, చెవికి చిరాకు తప్ప.

వినికిడి పరీక్షించి మిషన్ సెట్ చేసే ఆడియాలజిస్ట్‌ను రెండో ప్రోగ్రామ్ పెట్టమని అడగండి: మైకు అన్ని వైపులా వినాలి, రొద తగ్గింపు బాగా తక్కువ ఉండాలి. ఇంట్లో మొదటిది, రోడ్డెక్కేముందు బటన్ నొక్కి రెండోది. ఆడియాలజిస్ట్ దగ్గరే పరీక్షించండి. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక రెండు మీటర్ల దూరంలో తాళాల గుత్తి ఆడించండి, మామూలు గొంతుతో పిలవండి. రెండు ప్రోగ్రాముల్లోనూ చేసి చూడండి.

మిషన్ ఒక్క చెవికేనా? రెండు చెవులకూ వినికిడి తగ్గి ఉంటే రెండింటికీ అవసరమేమో తప్పకుండా అడగండి. శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో మెదడు ఎక్కువగా రెండు చెవులనూ పోల్చుకునే పసిగడుతుంది. అప్పటిదాకా ఆ సెంటర్‌లో నాన్నను ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి.