ప్యారిస్ నుంచి 16 గంటలు ఆలస్యం: కూపన్ తీసుకుని సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: వకీలు గారూ, మాది నల్లగొండ. 72 ఏండ్ల మా అమ్మ, నా భార్య, నేను పది రోజులు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ చూసి ప్యారిస్ నుంచి తిరిగొచ్చినం. రానుపోను టికెట్లు మా ఊరి ట్రావెల్స్‌లోనే కొన్నం, అన్నిటికీ పీఎన్ఆర్ ఒక్కటే. ప్యారిస్‌లో విమానానికి ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అని మూడు గంటలు లేటు చేసిండ్రు. గల్ఫ్‌లో మారాల్సిన విమానం పోయింది. రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లోనే ఉన్నం. హోటల్ అడిగితే రూములు లేవన్నరు, మనిషికో శాండ్‌విచ్ ఇచ్చిండ్రు. శంషాబాద్‌లో దిగేసరికి 16 గంటలు ఆలస్యం. అమ్మ బీపీ, షుగర్ గోలీలున్న సూట్‌కేసు రాలేదు. రెండు రోజులకు ఇంటికి పంపిండ్రు గాని చక్రం విరిగి, ఒక మూల పగిలి ఉంది. అది చేతికొచ్చి ఇయ్యాళ్టికి నాలుగు రోజులు. ముందు మాట్లాడుకున్న కారుకు వెయిటింగ్ కట్టి వాపసు పంపి, మళ్లీ ఇంకో కారు పెట్టుకున్నం. ఇప్పుడు కంపెనీ వాళ్లు మనిషికో ట్రావెల్ కూపన్ ఇస్తం, ఇంకే క్లెయిమ్ లేదని సంతకం పెట్టి పంపమంటున్నరు. పెట్టొచ్చా? నల్లగొండలో కేసు వేస్తే నడుస్తదా? ట్రావెల్స్ ఆయన మీద కూడా వేయాల్నా?

జవాబు: సంతకం సంగతి తర్వాత. ముందు సూట్‌కేసు చూడండి, దానికి గడువు దగ్గర పడింది. పగిలిన బ్యాగు గురించి అది చేతికందిన 7 రోజుల లోపు విమాన కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా వచ్చిన బ్యాగుకైతే చేతికందిన రోజు నుంచి 21 రోజులు. ఇవి అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం 31వ అధికరణంలో ఉన్న గడువులు. మన దేశం 2009లో ఆ ఒప్పందంలో చేరింది, మన 1972 విమాన రవాణా చట్టానికి అదే మూడో షెడ్యూలు. గడువు దాటితే, కంపెనీ మోసం చేసిందని రుజువైతే తప్ప, ఎంత నిజమైన నష్టమైనా దావా నిలబడదు. మీకు నాలుగు రోజులు గడిచిపోయాయి. ఈ రోజే ఈమెయిల్ పంపండి.

శంషాబాద్‌లో బ్యాగు రాలేదని కౌంటర్‌లో కాగితం రాయించుకునే ఉంటారు. దాన్ని పీఐఆర్ అంటారు, దాని నంబరు ఎయిర్‌పోర్టు కోడ్‌తో మొదలవుతుంది. అది ఉంది కదా, ఇంకేం అక్కర్లేదు అనుకోవడం దగ్గరే చాలామంది నష్టపోతున్నారు. పీఐఆర్‌లో ఉన్నది బ్యాగు రాలేదన్న సంగతి. పగిలి వచ్చిందన్న ముక్క అందులో లేదు, ఉండడానికి వీల్లేదు, అప్పటికి బ్యాగే రాలేదు. ఫిర్యాదు లేకుండా బ్యాగు తీసుకుంటే అది మంచి స్థితిలో అందినట్టే చట్టం ముందుగా భావిస్తుంది. డెలివరీ తెచ్చిన అబ్బాయికి నోటితో చెప్పడం, కస్టమర్ కేర్‌తో ఫోన్‌లో మాట్లాడడం లెక్కలోకి రావు.

ఈమెయిల్‌లో పీఎన్ఆర్, పీఐఆర్ నంబరు, బ్యాగుకు అంటించిన ట్యాగు మీది పది అంకెల నంబరు, బ్యాగు అందిన తేదీ రాయండి. ఏ భాగం ఎలా విరిగిందో, ఆలస్యం వల్ల ఏమేం కొనాల్సి వచ్చిందో విడివిడిగా చెప్పండి. ఫొటోల్లో విరిగిన చక్రం, ట్యాగు ఒకే చట్రంలో కనబడాలి. బాగుచేసే దుకాణంలో ఎస్టిమేటు తీసుకోండి. బాగుపడదంటే ఆ ముక్కే రాయించుకోండి. చక్రాలు అరగడం మామూలే, మా బాధ్యత కాదు అని కంపెనీ జవాబిస్తుంది. చెక్‌ఇన్ చేసిన బ్యాగు తన అధీనంలో ఉండగా దెబ్బతింటే, తప్పు తనది కాకపోయినా కంపెనీదే బాధ్యత. బ్యాగులోనే ముందు నుంచి లోపం ఉందని చూపిస్తేనే ఆ మేరకు తప్పించుకోగలదు. విరిగిన చక్రం వేరు, అరిగిన చక్రం వేరు. బ్యాగు ముందెలా ఉండేదో తెలిసే ఫొటో మీ టూర్ ఫొటోల్లోనే ఉంటుంది, వెతకండి.

అమ్మగారి మందులు మళ్లీ కొన్న బిల్లులు ఈ లెక్కలోకే వస్తాయి. పాత ప్రిస్క్రిప్షన్ జత చేయండి, అవే మందులని తెలుస్తుంది. బ్యాగు నష్టం, ఆలస్యం అన్నీ కలిపి ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ఒప్పందం ప్రకారం 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే యూనిట్, ఒకటి నూరు రూపాయల పైమాటే. అంత ఇస్తారని కాదు, అంతకు మించి ఇవ్వరని అర్థం. చేతికి వచ్చేది మీరు రుజువు చేసిన నష్టమే. ఇక ముందు ప్రయాణాల్లో రోజూ వేసుకునే మందులు మూడు నాలుగు రోజులకు సరిపడా చేతి సంచిలోనే ఉంచండి. షుగరున్న మనిషికి గోలీ ఆగితే జరిగే హాని ఏ పరిహారంతోనూ పూడదు.

ఇక కూపన్. సంతకం పెట్టకండి. మీరు ఎక్కింది ప్యారిస్‌లో కనుక యూరోపియన్ యూనియన్ నిబంధన 261/2004 మీకు వర్తిస్తుంది. అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరే విమానం ఏ దేశపు కంపెనీదైనా సరే. మేం గల్ఫ్ కంపెనీ, పైగా ఆలస్యం జరిగింది గల్ఫ్‌లో అని వాళ్లు అనొచ్చు. ఇలాంటి వాదన 2018లో యూరప్ న్యాయస్థానం ముందుకు వచ్చింది. బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదిర్ పోయే ప్రయాణం, మొరాకో కంపెనీ. ఒకే బుకింగ్‌లో ఉన్న రెండు విమానాలను మధ్యలో విమానం మారినా ఒకే ప్రయాణంగా చూడాలని కోర్టు చెప్పింది. మీ పీఎన్ఆర్ ఒక్కటే కావడం ఇక్కడ పనికొచ్చింది. చవగ్గా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు కొనుక్కుని ఉంటే, రెండో విమానం పోవడం పూర్తిగా మీ నెత్తిన పడేది.

3,500 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో చివరి గమ్యానికి 4 గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోలు. ప్యారిస్ నుంచి హైదరాబాద్ అంతకు రెట్టింపు పైనే. ముగ్గురికి 1,800 యూరోలు. దీనికి నష్టం రుజువు చేయనక్కర్లేదు, టికెట్ ధరతోనూ సంబంధం లేదు. కంపెనీ తప్పించుకోవాలంటే తన చేతిలో లేని అసాధారణ కారణం చూపాలి. తుఫాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఆంక్షలు ఆ కోవలోకి వస్తాయి. విమానంలో టెక్నికల్ లోపం మామూలుగా ఆ కోవలోకి రాదని అదే కోర్టు 2008లో తేల్చింది. అందుకే ఈమెయిల్‌లో ఒక ప్రశ్న తప్పక వేయండి: ప్యారిస్‌లో ఆలస్యానికి కారణం ఏమిటి? ఆ రోజు ‘టెక్నికల్’ అన్న మెసేజ్ మీ ఫోన్‌కు వచ్చి ఉంటే చెరపకండి. తర్వాత కారణం మారిపోవడం కొత్త కాదు.

ఈ పరిహారాన్ని కూపన్ రూపంలో ఇవ్వాలంటే మీరు సంతకంతో ఒప్పుకోవాలి, అది ఆ యూరోపియన్ నిబంధన 7వ అధికరణం. లేకపోతే డబ్బుగానే, అంటే నగదుగానో, బ్యాంకు బదిలీగానో, చెక్కుగానో ఇవ్వాలి. వాళ్లు సంతకం ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు తెలిసింది కదా. ఇప్పటికే సంతకం పెట్టిన పాఠకులుంటే పూర్తిగా నిరాశ పడొద్దు. ఆ నిబంధన 15వ అధికరణం ప్రకారం ఈ హక్కుల్ని ఒప్పందంతో తగ్గించడం కుదరదు. హక్కుల గురించి సరైన సమాచారం ఇవ్వకుండా తక్కువ పరిహారం ఒప్పించుకుని ఉంటే మిగతాది అడగొచ్చు. కాని అది పోరాటమే, ముందే ఆగడం మేలు.

ముందుగా కంపెనీ వెబ్‌సైట్‌లోని ఫారం ద్వారా ముగ్గురి పేర్లతో అడగండి. జవాబు రాకపోయినా, కాదన్నా ఫ్రాన్స్ పౌర విమానయాన అధికార సంస్థ డీజీఏసీకి ఫిర్యాదు చేయొచ్చు. అది కోర్టు కాదు, మీ పేరున తీర్పు ఇవ్వదు, కాని కంపెనీ మీద ఒత్తిడి పడుతుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి దావాకు గడువు అయిదేళ్లు. వచ్చిన దాంట్లో వాటా తీసుకుని పని చేసిపెట్టే సంస్థలున్నాయి. మీరే ఫారం నింపగలిగితే ఆ వాటా మిగులుతుంది.

రాత్రంతా కుర్చీల్లో కూర్చోబెట్టడం సంగతి. కారణం ఏదైనా, తుఫాను అయినా సరే, భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటల్, అక్కడికి రవాణా కంపెనీ చూడాల్సిందే. వాళ్లు ఇవ్వనప్పుడు మీరు సొంత డబ్బుతో సరిపడా గది తీసుకుని ఉంటే ఆ బిల్లు వసూలు చేయొచ్చు. మీరు తీసుకోలేదు కనుక ఆ పద్దు కింద అడగడానికి బిల్లు లేదు. కాని 72 ఏళ్ల ఆమెను రాత్రంతా అలా వదిలేయడం సేవాలోపమే, వినియోగదారుల కేసులో అది బలమైన అంశం. వీల్‌చెయిర్ ముందే బుక్ చేసి ఉంటే ఆ రుజువు కూడా జత చేయండి.

కారు ఖర్చు, పోయిన పని దినాలు మాంట్రియల్ ఒప్పందం 19వ అధికరణం కింద ఆలస్యం వల్ల కలిగిన నష్టం. ఆలస్యం నివారించడానికి చేయదగినదంతా చేశామని రుజువు చేసుకునే భారం కంపెనీదే. శంషాబాద్ నుంచి ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దిగి, చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాటి నల్లగొండ చేరడానికి రెండు కార్ల ఖర్చు. మొదటి డ్రైవర్‌కు కట్టిన యూపీఐ రికార్డు, అతనితో సంతకం చేయించిన చిన్న రసీదు, రెండో కారు బిల్లు ఉంచండి. చేతికిచ్చిన నగదుకు కాగితం లేకపోతే అడగడమే తప్ప రావడం కష్టం.

నల్లగొండలో కేసు నడుస్తుందా అన్నది అసలు చిక్కు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటే, అంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. మాంట్రియల్ ఒప్పందం 33వ అధికరణం మాత్రం ఆలస్యం, బ్యాగుల కేసులకు ప్రయాణికుడి నివాసాన్ని లెక్కలోకి తీసుకోదు. కంపెనీ నివాసం, దాని ప్రధాన కార్యాలయం, టికెట్ ఒప్పందం జరిగిన దాని కార్యాలయం, గమ్యస్థానం, ఈ నాలుగే ఇస్తుంది. రానుపోను టికెట్‌లో గమ్యం బయల్దేరిన చోటే, అంటే మీకు హైదరాబాద్. వినియోగదారుల కమిషన్‌కు ఈ కేసులు వినే అధికారం ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, ఆ సందేహం లేదు. ఏ జిల్లా అన్నదే అభ్యంతరం. గమ్యం భారతదేశంలో ఉంది కనుక దేశం లోపల ఏ కమిషన్ అన్నది మన చట్టమే తేలుస్తుందని మీ తరఫున వాదించొచ్చు, నాకు ఆ వాదనలో బలం కనిపిస్తుంది. అయినా ప్రాథమిక అభ్యంతరం మీదే నెలలు గడుస్తాయి. మీకు హైదరాబాద్ రాకపోకలు కష్టం కాకపోతే అక్కడే వేయమంటాను. అమ్మగారిని తీసుకెళ్లనక్కర్లేదు, అఫిడవిట్ చాలు.

ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. చెల్లించిన సొమ్ము, అంటే టికెట్ల ధర, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల దాకా, అదీ చెల్లించిన ధరను బట్టే, మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు. కాబట్టి మానసిక వేదనకు పది లక్షలని రాస్తే ఒరిగేదేం లేదు, మిగతా లెక్కల మీద నమ్మకం తగ్గుతుంది. నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో స్పష్టం చేసింది, తేదీ గుర్తుపెట్టుకోండి. ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం, జత చేయండి, ఫోన్ మార్చేయకండి. కేసు వేయడానికి రెండేళ్లు. మాంట్రియల్ కింద ఆ రెండేళ్లు గమ్యం చేరిన రోజు నుంచి మొదలవుతాయి, ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయని అది ఆగదు.

కోర్టు వద్దనుకుంటే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. విమాన రవాణా ప్రజోపయోగ సేవ కనుక 1987 న్యాయసేవల చట్టం కింద అక్కడికి వెళ్లొచ్చు, ఫీజు లేదు. ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావాల్సిన విమానం పొగమంచు వల్ల ఆగిన కేసు హైదరాబాద్ శాశ్వత లోక్ అదాలత్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పొగమంచుకు కంపెనీ బాధ్యురాలు కాకపోయినా ప్రయాణికుల కనీస అవసరాలు చూడాల్సిందేనని 2011లో కోర్టు చెప్పింది. టికెట్ మీద ‘ఢిల్లీ కోర్టులకే అధికారం’ అని రాసుకున్నా లోక్ అదాలత్‌ను అది ఆపలేదనీ చెప్పింది. ఒక జాగ్రత్త: కమిషన్‌లో కేసు వేశాక ఈ దారి మూసుకుపోతుంది. ముందు నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగి నిర్ణయించుకోండి.

ట్రావెల్స్ ఆయన్ని ఇందులోకి లాగొద్దు. కంపెనీ పేరు చెప్పి, కంపెనీ టికెట్ ఇచ్చిన ఏజెంటు ఆ కంపెనీ లోపానికి సాధారణంగా బాధ్యుడు కాడు, అది కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్. రెండు వేర్వేరు టికెట్లు కొట్టి ఒకటే అని చెప్పి ఉంటే కథ వేరు. పైగా టికెట్ అమ్మిన తేదీ, చెల్లింపు, పీఎన్ఆర్ రికార్డు మీకు ఇచ్చేది ఆయనే. వీసా కోసం తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా ఆయన ద్వారానే తీసుకుని ఉంటారు. ఆ పాలసీ కాగితం ఈ రోజే అడిగి తీసుకోండి. బ్యాగు ఆలస్యం, కనెక్షన్ తప్పిపోవడం అన్న పద్దులు అందులో ఉన్నాయేమో చూసి, పీఐఆర్, కంపెనీ ఇచ్చే ఆలస్య ధ్రువపత్రం జత చేసి వేరే క్లెయిమ్ వేయండి. అక్కడా పాలసీలో రాసిన గడువు ఉంటుంది.