విజిల్ పట్టేవాళ్లకి యూరప్ డబ్బులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో యూరప్ క్రీడా సంఘాల గురించి నాలుగు ముక్కలు రాశాం. ఒక దేశం సంఘం ఇంకో దేశం సంఘంతో జతకట్టి, యూరోపియన్ యూనియన్ ‘ఎరాస్మస్ ప్లస్’ పథకం నిధులతో రిఫరీలకీ అంపైర్లకీ శిక్షణ ఇస్తూ ప్రాజెక్టులు నడుపుతున్నాయని దాని సారాంశం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగానికి సగం యూరప్‌లో ఉంటున్న మనవాళ్లవే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, పేర్లు తీసేసి జవాబులిస్తున్నాం.

ఎరాస్మస్ అంటే చదువుకి ఇచ్చే స్కాలర్‌షిప్ కదండీ? దానికీ రిఫరీలకీ ఏం సంబంధం? (విజయవాడ)

సంబంధం ఉంది, కాకపోతే ఆలస్యంగా కుదిరింది. ఆటల్లో వేలు పెట్టే అధికారం యూరోపియన్ యూనియన్‌కి చాలాకాలం కాగితం మీద లేనే లేదు. 2009 డిసెంబర్ 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక, యూనియన్ మూల ఒప్పందంలోని 165వ అధికరణంలో క్రీడల మాట చేరింది. అదైనా సభ్య దేశాల మీద చట్టాలు రుద్దడానికి కాదు, వాళ్లు చేసుకునే పనికి తోడ్పడటానికి మాత్రమే. 2014లో చదువులు, యువజన పథకాలు అన్నిటినీ కలిపి ఎరాస్మస్ ప్లస్ అని పేరు పెట్టినప్పుడు క్రీడలకి విడిగా ఓ అధ్యాయం ఇచ్చారు.

డబ్బు సంగతి కూడా చెప్పుకుందాం. 2021 నుంచి 2027 వరకు మొత్తం బడ్జెట్ దాదాపు 2,620 కోట్ల యూరోలు. అందులో క్రీడల వాటా 1.9 శాతం, అంటే 50 కోట్ల యూరోలకి కాస్త అటూఇటూ. ఏడేళ్లకి, 33 దేశాలకి కలిపి అంతే. 2017లో ఫుట్‌బాలర్ నెయ్‌మార్ ఒక్కడినీ బార్సిలోనా నుంచి తెచ్చుకోవడానికి పారిస్ క్లబ్బు 22.2 కోట్ల యూరోలు పెట్టింది, ఇక మీరే చూసుకోండి. పైగా ఆ 50 కోట్లూ రిఫరీలవి కావు. డోపింగ్, వివక్ష, పిల్లల భద్రత, జనాన్ని వ్యాయామం వైపు మళ్లించడం, అన్నీ అందులోంచే. రిఫరీల ప్రాజెక్టులు ఆ జాబితాలో ఓ మూలన ఉంటాయి.

స్టుట్‌గార్ట్ దగ్గర మాదో క్రికెట్ క్లబ్, ఎక్కువమంది తెలుగువాళ్లమే. ఆడమంటే పాతికమంది వస్తారు, అంపైరింగ్ అనేసరికి ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. మావాళ్లకి పద్ధతిగా శిక్షణ ఇప్పించడానికి ఈ నిధులు అడగొచ్చా? పక్క దేశం క్లబ్బుతో కలవాలంటున్నారు, అదెలా? (జర్మనీ)

అడగొచ్చు. మీలాంటి వాళ్ల కోసమే స్మాల్ స్కేల్ పార్ట్‌నర్‌షిప్ అనే చిన్న రకం పెట్టారు. రెండు వేర్వేరు దేశాల నుంచి కనీసం రెండు సంస్థలుంటే చాలు. మొత్తం 30 వేల యూరోలు గానీ 60 వేలు గానీ, మధ్యలో బేరం లేదు. కాలం ఆరు నెలల నుంచి రెండేళ్లు. దరఖాస్తు నియమాలుండే గైడ్ నవంబర్ ప్రాంతంలో వస్తుంది, గడువు ఈమధ్య ఏటా మార్చి తొలి వారంలో పడుతోంది. ఇప్పటిదాకా ఒక్క ప్రాజెక్టు కూడా చెయ్యని చిన్న క్లబ్బులు రావాలనే దీన్ని తెచ్చారు కాబట్టి, మాకు అనుభవం లేదే అని వెనక్కి తగ్గకండి.

ముందు మీ క్లబ్బు రిజిస్టర్ అయిందో లేదో చూసుకోండి. వాట్సాప్ గ్రూపుని క్లబ్బంటే బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ ఆఫీసులో ఒప్పుకోరు. జర్మనీలో సంఘం రిజిస్టర్ చెయ్యాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, మీకది సమస్య కాదు. తర్వాత యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే తొమ్మిదంకెల నంబరు ఒకటి ఇస్తారు, అది లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. మీ భాగస్వామికీ అది ఉండాలి. ఇదంతా ఫిబ్రవరి ఆఖర్లో మొదలుపెట్టి టెన్షన్ పడొద్దు.

ఇక భాగస్వామి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, ఎవరో ఒకరు దొరికితే చాలని ఎక్కడివాళ్లతోనో పేరుకి కలుస్తారు. వాళ్లకీ మీకూ ఒకే సమస్య ఉందా, మీ దగ్గర లేనిది వాళ్ల దగ్గర ఏముంది, ఈ రెండూ తేలాకే సంతకాలు. మీకైతే నెదర్లాండ్స్ దగ్గర. అక్కడ క్రికెట్ బోర్డు పుట్టింది 1883లో, అంటే అంపైర్లని తయారు చేసుకోవడం వాళ్లకి కొత్త కాదు. మన విజయవాడలో పుట్టిన తేజ నిడమానూరు ఆడేది కూడా ఆ దేశానికే, అది వేరే ముచ్చట. లేదంటే 2026 టీ20 వరల్డ్ కప్‌కి అర్హత తెచ్చుకున్న ఇటలీలో చూడండి. అక్కడి క్రికెట్‌ని కూడా చాలావరకు మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లే నిలబెడుతున్నారు, మీ కష్టం వాళ్లకి చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇచ్చేది ఏకమొత్తం. ప్రతి బస్సు టికెట్టూ దాచి చూపించక్కర్లేదు గానీ, చేస్తామన్న పని చేసినట్టు చూపించాలి, చెయ్యకపోతే కోత పడుతుంది. ఇది నెట్లూ మ్యాట్లూ కొనుక్కునే పథకం కాదని మీ కమిటీలో ఉత్సాహవంతులకి ముందే చెప్పేయండి. దరఖాస్తులో ఏం రాయాలంటే, కొత్తగా అంపైరింగ్‌కి వచ్చినవాడి పక్కన మొదటి సీజన్ అంతా అనుభవమున్న మనిషి ఎలా నిలబడతాడో రాయండి. అక్కడి అంపైర్లు మీ మ్యాచ్‌లకి, మీవాళ్లు వాళ్ల మ్యాచ్‌లకి. ఒక వారాంతం హాల్లో కూర్చోబెట్టి రూల్స్ చదివించడమే ప్రాజెక్టు అంటే మార్కులు పడవు, పడకూడదు కూడా. జర్మన్ క్రికెట్ సమాఖ్యతో ముందే మాట్లాడుకోండి, లీగ్ గుర్తించని సర్టిఫికెట్ ఇంట్లో ఫ్రేము కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఫుట్‌బాల్ క్లబ్బులో చిన్నపిల్లల మ్యాచ్‌లకి రిఫరీగా నిలబడుతున్నాడు. మొన్న ఓ పిల్లాడి తండ్రి గీత బయట నుంచి నానా మాటలూ అన్నాడు. మావాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మాన్పించేయమంటారా? (నెదర్లాండ్స్)

మీరున్న దేశంలోనే 2012 డిసెంబర్‌లో ఏం జరిగిందో మీ పక్కింటి డచ్ వాళ్లని అడగండి, ఎవరూ మర్చిపోలేదు. అల్మీరే పట్టణంలో రిచర్డ్ న్యూవెన్‌హౌజన్ అనే ఆయన కొడుకు ఆడుతున్న మ్యాచ్‌కి స్వచ్ఛందంగా లైన్స్‌మన్‌గా నిలబడ్డారు. మ్యాచ్ అయ్యాక ఎదుటి జట్టు కుర్రాళ్లు కొట్టారు, మర్నాడు చనిపోయారు. ఆరుగురు టీనేజర్లకీ, వాళ్లలో ఒకరి తండ్రికీ శిక్షలు పడ్డాయి. తర్వాతి వారాంతం దేశమంతా అమెచ్యూర్ మ్యాచ్‌లు ఆపేశారు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు ఇది చెప్పడం. మీ క్లబ్బుకి ఫిర్యాదు చేస్తే ‘ఆటలో మామూలేగా’ అని ఎవరూ కొట్టిపారేయలేని దేశంలో మీరున్నారు, అందుకు.

ఆ పరిస్థితి మీ ఒక్క ఊరిదే కాదు. 2023 డిసెంబర్‌లో టర్కీలో ఒక క్లబ్ అధ్యక్షుడే మైదానంలోకి దూకి రిఫరీ ముఖం మీద గుద్దాడు, అక్కడ లీగులన్నీ కొన్నాళ్లు ఆగిపోయాయి. అదే ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఎఫా రిఫరీలు కావాలని ప్రచారం మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం యూరప్‌కి ఏటా 40 వేలమంది కొత్త రిఫరీలు కావాలి. చేరేవాళ్లు చేరుతూనే ఉన్నారు, కానీ మీ అబ్బాయికి ఎదురైనటువంటి సాయంత్రాలు రెండు మూడు గడిచేసరికి విజిల్ అల్మారాలో పెట్టేస్తున్నారు. అందుకే ఈ భాగస్వామ్య ప్రాజెక్టుల్లో మాకు నచ్చేవి కొత్తవాళ్లని చేర్చేవి కాదు, చేరినవాళ్లని నిలబెట్టేవి.

ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. ఫ్రాన్స్‌లో 2006 అక్టోబర్ నాటి చట్టం ప్రకారం విధిలో ఉన్న రిఫరీ ప్రజాసేవలో ఉన్నట్టే లెక్క, చెయ్యి చేసుకుంటే శిక్ష మామూలు కొట్లాటకంటే పెద్దది. జర్మనీలో 2024-25 సీజన్ నుంచి మైదానం వేడెక్కితే రిఫరీ చేతులు తలపైకి ఎత్తి ఆట ఆపేస్తాడు, రెండు జట్లూ ఎవరి పెనాల్టీ బాక్సులోకి వాళ్లు పోవాలి. ఇలా రెండుసార్లు, మూడోసారికి మ్యాచ్ రద్దు. 2024 యూరో కప్‌లో వచ్చిన, రిఫరీతో కెప్టెన్ తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదన్న పద్ధతి ఇప్పుడు కిందిస్థాయి ఆటలకీ పాకుతోంది. దేశాల మధ్య ప్రాజెక్టు అంటే అసలు ఉపయోగం ఇదే, పక్కవాడు చేసి చూసినదాన్ని మనం మొదట్నుంచీ కనిపెట్టక్కర్లేదు.

మాన్పించే నిర్ణయం మీరు తీసుకోకండి, వాడిని తీసుకోనివ్వండి. మీరు క్లబ్బుకి వెళ్లి ఒకే మాట అడగండి: వచ్చే మ్యాచ్‌కి మా అబ్బాయి పక్కన పెద్దవాళ్లు ఎవరు నిలబడతారు? ఎవరూ లేరంటే అప్పటిదాకా పంపను అని చెప్పండి. ఆ తండ్రి మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీరు మాత్రం గీత దగ్గరికెళ్లి ఆయనతో గొడవ పెట్టుకోవద్దు, అప్పుడు మీ అబ్బాయి ఇద్దరు పెద్దల్ని భరించాల్సి వస్తుంది.

ఈ ప్రాజెక్టులన్నీ విమానం టికెట్లు, హోటల్ మీటింగులు, చివర్లో ఎవరూ చదవని ఓ పీడీఎఫ్. కాదంటారా? (హైదరాబాద్)

కొన్నిటి విషయంలో కాదనలేం. మూడు దేశాలవాళ్లు కూర్చుని ‘రిఫరీలను గౌరవించాలి’ అని అరవై పేజీల పుస్తకం వేస్తే శనివారం మ్యాచ్‌లో దాన్ని ఎవరు తెరుస్తారు? అయితే పెద్ద ప్రాజెక్టుల్లో నిర్వహణ ఖర్చు మొత్తంలో 20 శాతం దాటకూడదనే నియమం ఉంది, ప్రాజెక్టుల వివరాలు ఎవరైనా చూసుకునేలా కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మన దగ్గర క్రీడా సంఘాల లెక్కలు అలా తెరిచి చూడగలమా అని మిమ్మల్నే ఎదురు ప్రశ్న వేయాలనుంది. మా కొలత చాలా మోటుది: ప్రాజెక్టు ముగిశాక కూడా కొత్త రిఫరీకి ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడా లేదా. ఉంటే డబ్బు దక్కినట్టే.

నేను కబడ్డీ రిఫరీని. సంక్రాంతి టోర్నీలూ, స్కూల్ గేమ్సూ చేస్తుంటాను, మాలో సగంమంది పీఈటీలమే. ఒక ఏజెంటు ‘యూరప్ గ్రాంట్ ఇప్పిస్తా, ముందు ఫీజు కట్టండి’ అంటున్నాడు. మా సంఘం అర్హమేనా? (కరీంనగర్)

ఫీజు కట్టకండి. ఈ దరఖాస్తుకి యూరోపియన్ యూనియన్ పైసా తీసుకోదు.

అర్హత విషయం కాస్త మెలిక. చిన్న రకంలో భారతీయ సంస్థకి చోటు లేదు. పెద్ద రకం కోఆపరేషన్ పార్ట్‌నర్‌షిప్, 1.2 లక్షలు, 2.5 లక్షలు, 4 లక్షల యూరోలు అని మూడు మొత్తాల్లో ఉంటుంది. దానికి యూరోపియన్ యూనియన్‌లోనో దాని అనుబంధ దేశాల్లోనో మూడు వేర్వేరు దేశాల నుంచి కనీసం మూడు సంస్థలుండాలి. ఆ పైన మనలాంటి దేశం సంస్థని చేర్చుకోవచ్చు, కానీ దరఖాస్తు పెట్టేది వాళ్లే, మీరు వట్టి భాగస్వామి. మీరు లేకపోతే ఆ పని సరిగ్గా జరగదని కూడా చూపించాలి.

కబడ్డీలో అది చూపించడం కష్టమేం కాదు. పోలండ్, ఇటలీలో కబడ్డీ జట్లున్నాయి. ముప్పై సెకన్ల రైడ్‌లో టచ్ అయిందా, బోనస్ గీత దాటినప్పుడు రెండో కాలు గాల్లో ఉందా, ఏ డిఫెండరూ తాకకుండానే రైడర్ పక్కనుండే లాబీలో కాలుపెట్టాడా, ఇవన్నీ ఒక్క చూపులో పట్టే కన్ను అక్కడ పుస్తకం చదివితే రాదు. మీ దగ్గర ఉంది. అడగాల్సింది ఏజెంటుని కాదు, ఆ దేశాల కబడ్డీ సంఘాల్ని. ఉత్తరంలో డబ్బు ప్రస్తావన తేకుండా, ‘మీ రిఫరీలకి మేం ఆన్‌లైన్‌లో మ్యాచ్ వీడియోలు చూపించి నేర్పుతాం’ అని మొదలుపెట్టండి.

ఆడవాళ్లు అఫీషియల్‌గా ఎదగొచ్చా? (రాజమహేంద్రవరం)

ఈ ప్రశ్న మీ ఊరినుంచే రావాలా! ఐసీసీ నియమించిన తొలి మహిళా మ్యాచ్ రిఫరీ జీ.ఎస్.లక్ష్మి పుట్టింది మీ ఊళ్లోనే. 2019లో నియామకం, అదే ఏడాది డిసెంబర్‌లో పురుషుల వన్డేకి రిఫరీ. ఫుట్‌బాల్‌లో ఫ్రాన్స్‌కి చెందిన స్టెఫనీ ఫ్రపార్ 2022లో ఖతార్‌లో జర్మనీ, కోస్టారికా మ్యాచ్ నడిపారు, పురుషుల ప్రపంచ కప్‌లో అది మొదటిసారి. మీరు మొదలుపెట్టాల్సింది మాత్రం జిల్లా సంఘం పెట్టే పరీక్షతోనే.

నేను బీపీఈడీ చేశాను. యూరప్‌లో ఈ రంగంలో చదువుకోవచ్చా? (అనంతపురం)

చదువుకోవచ్చు తమ్ముడూ. స్పోర్ట్స్ ఎథిక్స్ అండ్ ఇంటిగ్రిటీ అని, ఎరాస్మస్ ప్లస్‌లో మాస్టర్స్ చదువుల విభాగమైన ఎరాస్మస్ ముండస్ కింద వచ్చిన ఉమ్మడి మాస్టర్స్ ఒకటుంది, బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం మరికొన్ని దేశాల వర్సిటీలతో కలిసి నడిపింది. ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ నెలకి 1,400 యూరోలు, భారతీయులూ పెట్టుకోవచ్చు. ఏ కోర్సుకి ఏ ఏడాది స్కాలర్‌షిప్ ఉందో అధికారిక క్యాటలాగ్‌లో చూసుకున్నాకే అప్లై చెయ్యి.

మా క్లబ్బు లండన్ శివార్లలో. మాకూ వర్తిస్తుందా? (ఇంగ్లండ్)

బ్రెగ్జిట్ తర్వాత 2021 నుంచి యూకే ఎరాస్మస్ ప్లస్‌లో లేదు. 2027లో తిరిగి చేరేలా 2025 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. కాబట్టి ఆ ఏడాది గైడ్‌లో మీ దేశం పేరు ఏ పట్టికలో ఉందో మొదట చూడండి. అంతవరకు చిన్న రకం మీకు రాదు, పెద్ద రకంలో యూరప్ క్లబ్ ఎవరైనా ముందుండి నడిపితే కరీంనగర్ వాళ్లకి చెప్పిన పద్ధతిలోనే మీరూ చేరొచ్చు.