డైరెక్టరీ మారలేదని దిగులెందుకు?

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లాలని ఉంది. సీహెచ్‌డిర్ (chdir) సిస్టమ్ కాల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే పిలుపుతో, డైరెక్టరీ మార్చే సీ ప్రోగ్రామ్ రాశాను. కాల్ సున్నా ఇచ్చింది, అంటే పని జరిగినట్టే. తీరా ప్రోగ్రామ్ ముగిశాక చూస్తే టెర్మినల్ పాత డైరెక్టరీలోనే ఉంది. ఇంత చిన్న విషయమే అర్థం కాకపోతే ఈ రంగానికి పనికొస్తానా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. ప్రస్తుత డైరెక్టరీ ఏదన్నది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఒక్కో ప్రాసెస్‌కూ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు) విడిగా గుర్తుపెట్టుకుంటుంది. మీ ప్రోగ్రామ్‌ను నడపడానికి, టెర్మినల్‌లో మీ కమాండ్లు తీసుకునే షెల్ ఫోర్క్ చేసి, అంటే తనకు నకలు తీసి, పిల్ల ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. పిల్ల మొదలయ్యేది తల్లి ఉన్న డైరెక్టరీలోనే. ఆ తర్వాత అది ఎక్కడికి వెళ్లినా తల్లి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మీ ప్రోగ్రామ్ నిజంగానే కొత్త డైరెక్టరీకి వెళ్లింది, అక్కడే ముగిసిపోయింది. డైరెక్టరీ మార్చే సీడీ (cd) కమాండ్‌ను షెల్ పిల్లకు అప్పగించకుండా తనే చేసుకునేది ఇందుకే.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసినవాళ్లూ సరిగ్గా ఇక్కడే తికమకపడ్డారు. పీడీపీ-7 అనే అప్పటి కంప్యూటర్ మీద ఫోర్క్‌ను చేర్చాక, అప్పటిదాకా బాగానే ఉన్న డైరెక్టరీ మార్చే కమాండ్ పనిచేయడం మానేసింది. కోడంతా మళ్లీ మళ్లీ చదివితే గానీ కారణం తెలియలేదని వాళ్లలో ఒకరైన డెన్నిస్ రిచీ స్వయంగా రాశారు. కాబట్టి మీరు పనికిరారన్న మాట మరిచిపోండి.

ఇప్పుడు ఒక చిన్న షెల్ రాయండి. సీడీని ముందు పిల్ల ప్రాసెస్‌లో పెట్టి, పనిచేయకపోవడం కళ్లారా చూడండి. తర్వాత షెల్‌లోకి తెచ్చుకోండి. సిస్టమ్ కాల్స్‌ను చూపించే ఎస్‌ట్రేస్ (strace) టూల్‌తో నడిపి ఏ కాల్ ఎప్పుడు వెళ్తోందో గమనించండి. ఒక డైరెక్టరీకి రీడ్ అనుమతి ఉంచి ఎగ్జిక్యూట్ అనుమతి తీసేసి, మామూలు యూజర్‌గా అందులోకి వెళ్లబోతే సీహెచ్‌డిర్ మైనస్ ఒకటి ఇస్తుంది, అంటే పని జరగలేదని. ఎందుకో మీ మాటల్లో చెప్పగలగాలి. లైనక్స్‌లో ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ (ఏకకాలంలో సాగే పనుల వరసలన్నీ) మామూలుగా ఒకే ప్రస్తుత డైరెక్టరీని పంచుకుంటాయి. ఒకటి మారిస్తే అన్నిటికీ మారుతుంది. సర్వర్ కోడ్‌లో దీనితో చాలా జాగ్రత్తగా ఉండాలి.

వెబ్ డెవలప్‌మెంట్‌తో పోలిస్తే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్‌లో ఫ్రెషర్లకు ఓపెనింగ్స్ తక్కువే. అందుకే డేటా స్ట్రక్చర్స్ వదలొద్దు. గేట్ సిలబస్‌లో సిస్టమ్ కాల్స్, ప్రాసెస్‌లు ఎలాగూ ఉన్నాయి, ఈ శ్రమ అక్కడా పనికొస్తుంది. రెజ్యూమెలో ‘లైనక్స్ తెలుసు’ అని రాసే బదులు మీ షెల్ కోడ్ లింక్ పెట్టి, ఇప్పుడు నన్నడిగిన సమస్యనే దాని కింద రెండు లైన్లలో రాయండి.