ఆర్బిట్రేటర్‌ను అవతలి కంపెనీయే పెడతానంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్ ఉంది. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇనుప రాక్‌లు చేసి పంపాను. రెండేళ్లయినా 38 లక్షలు రాలేదు. గట్టిగా అడిగితే, అగ్రిమెంటు ప్రకారం తమ ఎండీయే ఆర్బిట్రేటర్‌ను నియమిస్తారని, నాకు అభ్యంతరం లేదని సంతకం చేసి పంపమని లెటర్ పెట్టారు. విచారణ హైదరాబాద్‌లోనేనట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. మీ కేసులో అన్నిటికన్నా ముఖ్యం అదే. డబ్బు ఇవ్వాల్సినవాళ్లే తగవు తీర్చే పెద్దమనిషిని ఎంచుకుంటామంటే చట్టం ఒప్పుకోదు. 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకం సమానత్వానికి విరుద్ధమంది. అగ్రిమెంటులో ఆ షరతు ఉన్నా చెల్లదు. కానీ తగాదా మొదలయ్యాక మీరే రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 12(5) కింద మీకున్న అభ్యంతరం పోతుంది. వాళ్లు అడుగుతున్నది సరిగ్గా ఆ సంతకమే.

బదులుగా తగాదాను ఆర్బిట్రేషన్‌కు పంపాలని కోరుతూ అదే చట్టం సెక్షన్ 21 నోటీసు పంపండి. ఇరువైపులా సంబంధం లేని ఒక రిటైర్డ్ జడ్జి పేరు మీరే సూచించండి. 30 రోజుల్లో ఒప్పుకోకపోతే సెక్షన్ 11 కింద తెలంగాణ హైకోర్టుకు వెళ్లవచ్చు. ఇందులో ఆలస్యం చేయకండి. బాకీకి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, మీకు రెండేళ్లు ఇప్పటికే అయిపోయాయి. నోటీసు వాళ్లకు అందిన రోజే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క. ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు చేస్తూ కూర్చుంటే గడువు ఆగదు.

ఎన్నేళ్లు సాగుతుందోనన్న భయం అక్కర్లేదు. వాద ప్రతివాదాల పత్రాలకు ఆరు నెలలు, ఆపై తీర్పుకు 12 నెలలు. ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో ఆరు నెలలు. అది దాటితే కోర్టు అనుమతి కావాలి.

ఒక్క విషయం మీరు రాయలేదు. ఆ ఆర్డరు నాటికే మీ వర్క్‌షాప్‌కు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే నేనైతే ముందు చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీల తగాదాలు చూసే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వెళ్లమంటాను. సరఫరాదారు ఎక్కడ ఉంటే అక్కడి కౌన్సిల్‌కే అధికారం కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లోనే వేయవచ్చు. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా ఇది అడ్డు కాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. వడ్డీ రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. తీర్పును సవాలు చేయాలంటే కంపెనీ ముందు 75 శాతం సొమ్ము కట్టాలి.

పర్చేజ్ ఆర్డరు, ఇన్‌వాయిస్‌లు, సరుకు అందినట్టు సంతకం చేసిన చలాన్లు, ఉద్యమ్ సర్టిఫికెట్ తీసుకుని ఈ వారంలోనే లాయరును కలవండి.