పాత కమ్యూనిటీ రేడియో కేంద్రాన్ని పునరుద్ధరించేటప్పుడు పెద్ద ట్రాన్స్‌మిటర్ కొంటే ప్రసారం మరింత దూరం వినిపిస్తుందా?

చాలా సందర్భాల్లో చెప్పుకోదగినంతగా వినిపించదు. చిన్న ఎఫ్‌ఎం కేంద్రం ఎంత దూరం చేరుతుందన్నది ట్రాన్స్‌మిటర్ వాట్ల కన్నా యాంటెన్నా ఎత్తు మీద, దానిదాకా వెళ్లే కేబుల్ స్థితి మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు చూపు మేర తిన్నగా సాగుతాయి కాబట్టి, చదునైన నేల మీద 15 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు రేడియో దిగ్మండలం (తరంగాలు నేల వంపు అడ్డు రాకుండా చేరగల దూరం) సుమారు 16 కిలోమీటర్లు ఉంటే, 30 మీటర్లకు అది దాదాపు 23 కిలోమీటర్లవుతుంది. వాట్లను రెట్టింపు చేసినప్పుడు సిగ్నల్ పెరిగేది 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలంలో తేడాను కొలిచే ప్రమాణం) మాత్రమే. పైగా మన దేశంలో ఈ కేంద్రాల ప్రభావక ప్రసార శక్తికి (కేబుల్ నష్టం, యాంటెన్నా లాభం లెక్కలోకి తీసుకున్నాక యాంటెన్నా నుంచి వెలువడే శక్తికి) సాధారణంగా 100 వాట్ల పరిమితి ఉంది.

ఉదాహరణకు, కనెక్టర్‌లోకి వాననీరు దిగి లోపలి రాగికి పచ్చని చిలుము పట్టిన కేబుల్‌లో 3 డెసిబెల్స్ నష్టం, అంటే సగం శక్తి నష్టం, ఉంటే, 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకు చేరేది 25 వాట్లే. ఇలాంటి లోపం వల్ల యాంటెన్నా వైపు వెళ్లకుండా ట్రాన్స్‌మిటర్‌కే తిరిగివచ్చే శక్తి పెరిగితే, చాలా ట్రాన్స్‌మిటర్లు తమను కాపాడుకోవడానికి వాట్లను ఇంకా తగ్గించుకుంటాయి. అందుచేత కొత్త యంత్రం కన్నా ముందు కేబుల్ మార్చడమే తెలివైన ఖర్చు.

శబ్దం బాగా లేకపోతే ట్రాన్స్‌మిటర్ బలహీనపడిందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ప్రసారం వెంట నిరంతరం వినిపించే గుయ్‌మనే మోత తరచుగా స్టూడియోలోని ఎర్తింగ్ లోపం వల్ల, గొంతు గుహలోంచి వచ్చినట్లుండటం ఖాళీ గోడల ప్రతిధ్వని వల్ల కలుగుతాయి. వాట్లు పెంచితే అవి కూడా యథాతథంగా శ్రోతకు చేరతాయి.