మీ ప్రశ్నలు – మా జవాబులు: కయాక్, మొగ, పోటుపాట్లు

సముద్రంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడపడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. సగం ఉత్తరాలు ఒకే చోటు గురించి అడిగాయి: ఏరు సముద్రంలో కలిసే మొగ. అందుకే మొదటి జవాబు పొడుగైంది.

వంశధారలో తెడ్లు వేసుకుంటూ హాయిగా మొగ దాకా వెళ్లిపోయాం. వెనక్కి రావడానికి మాత్రం గంటన్నర పట్టింది, చేతులు పడిపోయాయి. గాలి లేదు, ఏట్లో వరద లేదు. మరి మమ్మల్ని లాగిందేమిటి?
– ఇద్దరు మిత్రులు, కళింగపట్నం

పాటు లాగింది. సముద్రం ఎక్కేది పోటు, దిగేది పాటు. వెళ్లేటప్పుడు అది మీ వెనక ఉంది కాబట్టి మీ బలమే అనుకున్నారు.

మన తీరంలో పోటుపాట్లు రోజుకి రెండేసి సార్లు వస్తాయి. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు మట్టానికీ పాటు మట్టానికీ తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అర మీటరే. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర ఇదే తేడా పది మీటర్లకు చేరుతుంది. దాంతో పోల్చి చూసి 'మనదేం పోటు' అనుకునేవాళ్లు ఉన్నారు. బయటి సముద్రంలో ఆ మాట నిజమే కావచ్చు, మొగలో కాదు.

లెక్క చూడండి. ఉదాహరణకి మొగ లోపల మూడు కిలోమీటర్ల పొడుగు, మూడు వందల మీటర్ల వెడల్పు ఉన్న ఉప్పునీటి పాయ ఒకటి ఉందనుకుందాం. అందులో నీళ్లు ఒక్క మీటరు తగ్గాలంటే తొమ్మిది లక్షల ఘనపు మీటర్లు బయటికి పోవాలి. పాటు ఆరు గంటలూ ఒకే తీరుగా లాగదు. మట్టం తేడాని 12 భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి దిగుతాయి. అంటే నడుమ రెండు గంటల్లోనే సగం నీళ్లు పోవాలి. మొగని ఇసుక మేట మూసుకొస్తే మిగిలిన దారి అరవై మీటర్ల వెడల్పు, మీటరు లోతు అనుకోండి. ఆ సందులో నీటి వేగం సెకనుకి ఒక మీటరుకి వస్తుంది, అంటే గంటకి మూడున్నర కిలోమీటర్లు. కొత్తగా తెడ్డు పట్టినవాడు కయాక్‌ని నడిపేది గంటకి నాలుగు నుంచి అయిదు కిలోమీటర్లు. మీకు మిగిలింది ఆ తేడానే, గంటన్నర దాంట్లోనే పోయింది.

అలిసిపోవడం చిన్న కష్టం. అసలు ప్రమాదం ఇసుక మేట మీద కెరటాలది. సముద్రం నుంచి వచ్చే పొంగుకి, అంటే దూరం నుంచి సాగి వచ్చే అలలకి, ఎదురుగా పాటు నీళ్లు పరిగెత్తితే కెరటం కురచై, నిటారుగా లేచి విరుగుతుంది. బయట అర మీటరున్న పొంగు అక్కడ మీటరు గోడలా కనబడుతుంది. అదే వేళకి మేట మీద లోతు కూడా తగ్గి ఉంటుంది. ఒడ్డున నిలబడి చూస్తే ఈ కెరటాల వీపులే కనబడతాయి కాబట్టి అంత ఎత్తు అనిపించదు. బోల్తా పడితే మాత్రం పాటు మిమ్మల్ని ఆ విరుగుళ్లలోకే తీసుకెళ్తుంది. మొగకి అర కిలోమీటరు లోపల బోల్తా పడ్డా సెకనుకి మీటరు చొప్పున మేట చేరడానికి ఎనిమిది నిమిషాలు చాలు. అలవాటు లేనివాళ్లకి మళ్లీ కయాక్ ఎక్కడానికే పది నిమిషాలు పడుతుంది.

కాబట్టి మా మాట ఇది: పాటు వేళ మొగకి అర కిలోమీటరు లోపుకి పోవద్దు. ఏట్లో షికారు అయితే ముందు ఎగువకి తెడ్డు వేయండి, వచ్చేటప్పుడు నీళ్లే తెస్తాయి, మొగకి చాలా ఎగువనే దిగిపోండి. సముద్రంలోకి వెళ్లాలనుకుంటే పోటు చివరి గంటలో దాటండి. అప్పుడు మేట మీద లోతు ఎక్కువ, నీళ్లూ పొంగూ ఒకే దిక్కుకి పోతాయి కాబట్టి కెరటాలు మెత్తగా ఉంటాయి. కానీ గంట లోపల తిరిగి రావాలి. లేదంటే తర్వాతి పోటు దాకా మొగ సంగతి మరిచిపోయి, మొగకి దూరంగా ముందే చూసి పెట్టుకున్న బీచ్‌లో దిగాలి.

ఇప్పటికే పాటులో చిక్కుకుని ఉంటే ఎదురు వెళ్లకండి. ముక్కుని ప్రవాహానికి కొంచెం ఏటవాలుగా ఎగువకి పెట్టి, దగ్గరి ఒడ్డు వైపు తెడ్డు వేయండి. కయాక్ కిందికి జారుతూనే పక్కకీ జరుగుతుంది. అదీ కుదరక బయటికి పోతే కంగారొద్దు. మేట దాటాక ప్రవాహం విసనకర్రలా విచ్చుకుని నీరసిస్తుంది. అక్కడ తీరం వెంట మూడు నాలుగు వందల మీటర్లు పోయి, అప్పుడు ఒడ్డుకి తిరగండి.

పోటుపాట్ల పట్టికలో విశాఖపట్నం టైములే దొరుకుతున్నాయి. మా బాహుదా దగ్గరికి అవి పనికొస్తాయా? అందులో 1.4 అని ఉంటే లోతు 1.4 మీటర్లా?
– డిగ్రీ విద్యార్థి, ఇచ్ఛాపురం

రెండో దానికి ముందు: కాదు. అది ఒక నిర్ణీత కనిష్ఠ మట్టం మీద నీటి ఎత్తు. మీ కాలి కింద లోతు ఎంతో ఇసుక చెప్పాలి, పట్టిక చెప్పదు. మొగలో ఇసుక ప్రతి వరదకీ, తుఫానుకీ చోటు మారుతుంది.

బయటి సముద్రానికి విశాఖ టైములు ఉజ్జాయింపుగా సరిపోతాయి. ఏట్లోకి వచ్చేసరికి సరిపోవు. బయట సముద్రం పూర్తిగా దిగి మళ్లీ ఎక్కడం మొదలెట్టినా లోపలి మట్టం ఇంకా ఎత్తుగానే ఉంటుంది కాబట్టి మొగలో నీళ్లు బయటికి పోతూనే ఉంటాయి. నీళ్లు నిలబడే వేళ పట్టిక కంటే అరగంటో, గంటో, ఇంకా ఎక్కువో ఆలస్యం కావచ్చు. దాన్ని మీరే కనుక్కోవాలి. ఒక వెదురు కర్రకి పది సెంటీమీటర్లకో గీత పెట్టి, మీరు కయాక్ దించే రేవులో పాతండి. రెండు రోజులు అరగంటకోసారి మట్టం రాసుకోండి. పక్కనే ఒక ఎండుకొబ్బరి కాయ వేసి అది ఎటు పోతోందో కూడా రాయండి. మట్టం ఆగిన టైము వేరు, కాయ ఆగిన టైము వేరు. మీకు కావలసింది రెండోది.

ఒకసారి తేడా తెలిశాక పట్టికకి ఆ తేడా కలుపుకుంటే చాలు. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, పదిహేను రోజులకి తిరిగి రమారమి అదే గడియారం వేళకి వస్తుంది. ఇంట్లో గోడ క్యాలెండర్‌లో తిథి చూసుకోండి. కొత్తవాళ్లు అష్టమికి అటూ ఇటూ మొదలుపెట్టడం మేలు. పున్నమి, అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకే లాగుడు ఎక్కువ.

వానాకాలంలో ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఒడిశా కొండల్లో వాన పడి గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే వంశధార మొగలో పోటు వేళ కూడా నీళ్లు బయటికే పోవచ్చు.

పొద్దున్నే చింతపల్లి బీచ్‌లో సముద్రం చెరువులా ఉంటోంది, గాలి ఊరి వైపు నుంచి చల్లగా వస్తోంది. కొత్తవాళ్లకి ఇదే మంచి వేళ కదా?
– పూసపాటిరేగ మండల పాఠకురాలు

సరుగుడు తోటల చాటున ఆ చెరువు మూడు నాలుగు వందల మీటర్లే అమ్మా. గాలి నేల మీద నుంచి వీస్తే ఒడ్డు దగ్గర నీళ్లకి చాటు దొరుకుతుంది, దూరం పోయేకొద్దీ గాలి పుంజుకుంటుంది. మీ వీపున ఉంటుంది కాబట్టి తెలియదు, తిరిగినప్పుడే తెలుస్తుంది. గంటకి పాతిక కిలోమీటర్ల ఎదురుగాలిలో అలవాటున్నవాళ్ల వేగమే సగానికి పడిపోతుంది. గాలి నింపే రబ్బరు కయాక్ అయితే నిలబడ్డ చోట నిలబడదు. బీచ్‌లలో ఆ బొమ్మ పడవల్ని సముద్రం కోసం కొనేవాళ్లకి మేం చెప్పేది ఒకటే: చెరువులో వాడుకోండి.

మామూలుగా ఎండ ఎక్కాక గాలి తిరిగి సముద్రం నుంచి వీస్తుంది, అది మిమ్మల్ని ఒడ్డుకి తెస్తుంది. వేసవిలో పడమటి వడగాలి బలంగా ఉన్న రోజు మాత్రం మధ్యాహ్నం దాకా అది తిరగకపోవచ్చు. గాలి నేల మీద నుంచి ఉన్నప్పుడు ఒడ్డుకి వంద మీటర్లు దాటకుండా తీరం వెంటే పోండి, మొదట గాలికి ఎదురుగా ఉన్న దిక్కు ఎంచుకోండి.

కొట్టుకుపోతున్నామో లేదో తెలుసుకోవడానికి ఒడ్డున ముందో గుర్తు, వెనకో గుర్తు పెట్టుకోండి: ఒక తాటిచెట్టు, దాని వెనక లైట్‌హౌస్. రెండూ ఒకే వరసలో ఉంటే మీరు ఉన్నచోటే ఉన్నారు, విడిపోతే జరిగిపోతున్నారు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట పెద్ద ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

నాకు ఈత బాగా వచ్చు. ఉక్కలో లైఫ్ జాకెట్ తప్పదా? బోల్తా పడితే ఎలా ఎక్కాలి?
– కోనాడ యువకుడు

తప్పదు. ఈత వచ్చినవాడికీ రెండు చేతులూ కయాక్ ఎక్కడానికే కావాలి, తేలే పని జాకెట్ చూసుకోవాలి. పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగితే గడ్డానికి తగలకూడదు. జేబులో తాడుతో కట్టిన ఈల ఉంచండి.

పైన కూర్చునే రకం కయాక్ అయితే: ముందు కయాక్‌ని, తెడ్డుని వదలొద్దు. తిరగబడిన కయాక్ మీదుగా చెయ్యి చాచి అవతలి అంచో పట్టీనో పట్టుకుని, మోకాళ్లు ఇవతలి అంచుకి ఆనించి వెనక్కి వాలితే అది తిరిగి లేస్తుంది. తర్వాత సీటు పక్కకి వచ్చి, కాళ్లు నీటి మట్టానికి వచ్చేదాకా చేపలా తన్ని, పొట్ట కయాక్‌కి అడ్డంగా పడేలా ఎక్కండి. బోర్లా ఉన్నవాళ్లు మెల్లగా వెల్లకిలా తిరిగి పిరుదులు సీట్లో పెట్టాక, ఆఖర్న కాళ్లు లోపలికి. చాలామంది కాళ్లు కిందికి వేలాడేసి చేతులతో లాక్కోవాలని చూస్తారు, కయాక్ మళ్లీ వాళ్ల మీదే తిరగబడుతుంది. ఛాతీ లోతు నీళ్లలో పదిసార్లు చేసి వచ్చాకే లోతుకి పోండి.

లోపల కూర్చునే రకంలో నడుముకి స్ప్రే స్కర్ట్ (నీళ్లు చొరకుండా కూర్చునే గది నోటిని మూసే గుడ్డ) బిగిస్తారు. దాని ముందరి లాగుడు పట్టీ ఎప్పుడూ బయటికే ఉండాలి. తలకిందులైతే ముందుకి వంగి, పట్టీని ముందుకీ పైకీ లాగి, అంచులు తోసి బయటికి రావాలి. కూర్చునే గది నీళ్లతో నిండితే నూట యాభై లీటర్లు, అంటే నూట యాభై కిలోలు. చేతి పంపు లేకుండా అది నడవదు. ముందూ వెనకా నీళ్లు చొరని అరలు లేని కయాక్ అయితే నిలువునా మునుగుతుంది, అలాంటిది కొననే వద్దు.

కెరటాలు విరిగే చోట పడితే కయాక్‌కి సముద్రం వైపునే ఉండండి. ఒడ్డు వైపు ఉంటే తర్వాతి కెరటం ఆ బరువంతా తెచ్చి మీ మీద వేస్తుంది. కాలికి కట్టే తాడు బయట నీళ్లలో మంచిదే గాని, ఇక్కడికి వచ్చే ముందు విప్పేయండి.

భావనపాడు వైపు వలలు చాలా ఉంటాయి. ఎలా తప్పుకోవాలి?
– సంతబొమ్మాళి పాఠకుడు

థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ డబ్బాలు వరసగా తేలుతుంటే వల ఉన్నట్టే. వరస చివరి దాకా పోయి చుట్టి రండి. దాటక తప్పకపోతే రెండు తేలుళ్ల మధ్య చుక్కాని పైకి ఎత్తి, తెడ్డు ముంచకుండా జారిపోండి. ఒడ్డు నుంచి అలివి వల లాగుతున్న చోట రెండు తాళ్ల మధ్యకి వెళ్లకండి, అది వాళ్ల కూడు. మోటారు తెప్పల మీద ఉన్నవాళ్లకి నీటికి చేరి కూర్చున్న మీరు కనబడరు. ముదురు నీలం, ఆకుపచ్చ బట్టలు మానేసి నారింజ, పసుపు వేసుకోండి. వెళ్లే ముందు రేవులో పెద్దవాళ్లని మొగ ఎటు తిరిగిందని అడిగితే ఏ పట్టికా చెప్పని సంగతి చెబుతారు.

వాతావరణం ఎక్కడ చూడాలి? ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలి?
– భోగాపురం పాఠకురాలు

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, గాలి, ఉప్పెన పొంగుల హెచ్చరికలు ఇస్తుంది. అందులో 'పొంగు' మాటని తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన పొంగు ఇక్కడ ఆకు కదలని రోజున కూడా ఒడ్డున విరుచుకుపడుతుంది. కెరటాల మధ్య పదిహేను సెకన్లు దాటి ఎడం ఉందంటే ఆ రోజు మొగ దగ్గరికి పోకండి. అక్టోబరు గురించి వేరే చెప్పాలా, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది ఆ నెల 11నే.

కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093, మామూలు అత్యవసరం 112. ఫోన్ నీళ్లు చొరని సంచిలో, జాకెట్‌కే కట్టి ఉండాలి. కయాక్‌కి కడితే కయాక్‌తో పోతుంది. తడి వేళ్లకి తెర పలకదు కాబట్టి ఫోన్ సంచిలో ఉండగానే నంబర్లు నొక్కడం ఇంటి దగ్గరే బకెట్ నీళ్లలో చేసి చూడండి. ఒడ్డున ఒకరికి నీళ్లలోకి ఎక్కడ దిగుతున్నారో, తిరిగి ఒడ్డు ఎక్కడ ఎక్కుతారో, ఎంతమందో, కయాక్ రంగేమిటో, ఎన్ని గంటలకి రాకపోతే ఫోన్ చెయ్యాలో రాసి ఇవ్వండి. చెప్పిన టైముకి ముందే ఒడ్డుకి చేరితే ఆ సంగతీ వాళ్లకి చెప్పండి, లేకపోతే మీరు ఇంట్లో గంజి తాగుతుండగా మీ కోసం సముద్రంలో వెతుకుతారు.