మీరడిగారు: ముఫాసా గొంతు, ఆ గొంతు వెనకున్న నటుడు

పోయిన నెల డబ్బింగ్ గురించి రాస్తూ అమెరికన్ నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ పేరు ఒక్క వాక్యంలో చెప్పాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఆయన గురించే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను. నాటకాలాడి, ఆ తర్వాత డబ్బింగ్ థియేటర్లో బతికినవాణ్ని కాబట్టి ఈయన గురించి మాట్లాడటం నాకు ఇష్టమైన పని.

ప్రశ్న: 'లయన్ కింగ్' మా పిల్లలతో తెలుగులో చూశాం. ముఫాసాకి రవిశంకర్ గారు చెప్పారు. ఇంగ్లీషులో చెప్పిన ఈయన కూడా డబ్బింగ్ ఆర్టిస్టేనా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

కాదమ్మా. ఆయన అసలు స్టేజీ నటుడు. 1957లో న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలన్నీ ఉండే బ్రాడ్వేలో అడుగుపెట్టాడు. 2015లో, 84 ఏళ్ల వయసులో కూడా అక్కడే వారానికి ఎనిమిది ఆటలు ఆడాడు. సినిమాలు, టీవీ, యానిమేషన్ అన్నీ మధ్యలో వచ్చి కలిసినవి. 1994లో ముఫాసాకి చెప్పింది ఆయనే. 2019లో మళ్లీ తీసినప్పుడు మిగతా ముఖ్యపాత్రలన్నిటికీ కొత్తవాళ్లను తీసుకున్నారు గానీ ముఫాసాకి మాత్రం ఆయన్నే పిలిచారు. ఇంకో సంగతి. 1994 సినిమాలో ముఫాసా భార్య సరాబీకి గొంతిచ్చిన మ్యాడ్జ్ సింక్లెయిర్, 1988లో 'కమింగ్ టు అమెరికా'లో ఆయన పక్కన మహారాణిగా వేసింది. అక్కడ రాజూ రాణీ, ఇక్కడా రాజూ రాణీ!

మన రవిశంకర్ గారి గొంతు గురించి నేను చెప్పక్కర్లేదు. 'అరుంధతి'లో పశుపతిని విన్నవాళ్లంతా గుర్తుపడతారు. కానీ మీరు వీలైతే ఒక్క సీను ఇంగ్లీషులో వినండి. సింబా ఏనుగుల శ్మశానంలోకి వెళ్లి ప్రాణాల మీదకు తెచ్చుకున్నాక తండ్రి మందలిస్తాడు కదా, ఆ సీను. మొదట కోపం. తర్వాత, ఇవాళ నేనూ భయపడ్డానని కొడుకు దగ్గర ఒప్పుకుంటాడు. అక్కడ గొంతు చిన్నదవుతుంది, బరువు మాత్రం తగ్గదు. మైకు ముందు నిలబడిన ఎవరికైనా ఇది ఎంత కష్టమో తెలుసు. గొంతు తగ్గించగానే మనకు ఊపిరి కూడా తగ్గిపోతుంది, మాట పలచబడుతుంది. కడుపులోంచి ఊపిరి పట్టి ఉంచడం స్టేజీ మీద ఏళ్ల తరబడి ఆడితే గానీ రాదు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. నత్తి ఉంది. స్కూల్లో పద్యం చెప్పమంటే ఏడుస్తాడు. ఈ నటుడికి చిన్నప్పుడు నత్తి ఉండేదని రాశారు. అది పూర్తిగా పోయిందా? ఆయన ఏం చేశాడు?
(ఒక తల్లి, ఒంగోలు)

అమ్మా, పూర్తిగా పోలేదు. ఆ మాట ఆయనే చాలాసార్లు చెప్పాడు.

ఆయన 1931 జనవరి 17న మిసిసిపీ రాష్ట్రంలోని ఆర్కబుట్లా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి అప్పటికే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అమ్మమ్మ, తాతయ్య పెంచారు. అయిదేళ్ల వయసులో ఆ కుటుంబం ఉత్తరాన ఉన్న మిషిగన్‌లో పొలం చూసుకుని అక్కడికి మారింది. ఉన్న ఊరు వదలడం ఆ పసివాడి మనసు మీద బాగా దెబ్బకొట్టింది. నత్తి మొదలైంది. స్కూల్లో పిల్లలు నవ్వడంతో మాట్లాడటమే మానేశాడు. దాదాపు ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. ఇంట్లోవాళ్లతో అవసరానికి ఒకటి రెండు మాటలు, పొలంలో పశువులతో మాత్రం ధారాళంగా కబుర్లు. క్లాసులో ఏది అడిగినా కాగితం మీద రాసి ఇచ్చేవాడు.

హైస్కూల్లో డొనాల్డ్ క్రౌచ్ అనే ఇంగ్లీషు మాస్టారు ఉండేవారు. ఈ కుర్రాడు చాటుగా పద్యాలు రాస్తున్నాడని ఆయన కనిపెట్టారు. మిషిగన్ చలికాలంలో ఫ్లోరిడా నుంచి గ్రేప్‌ఫ్రూట్ పండ్లు వచ్చాయి. మన పంపరపనస జాతి పండు అది. ఆ రుచి మీద కుర్రాడు ఒక పద్యం రాశాడు. "ఇంత బాగా నువ్వే రాశావని నేనెలా నమ్మాలి? అందరి ముందూ నిలబడి చూడకుండా చెప్పు" అన్నట్టుగా మాస్టారు పట్టుబట్టారు. లేచి చెప్పాడు. ఒక్కచోట కూడా నత్తి రాలేదు. సొంత పద్యం, సొంత లయ. ఆ తర్వాత మాస్టారు వదల్లేదు. రోజూ పద్యాలు చదివించారు, డిబేట్లలోకి తోశారు. 'స్టార్ వార్స్' సినిమాల్లో నల్ల కవచం విలన్ డార్త్ వేడర్ గొంతుగా లోకమంతా విన్నది ఆ మూగబోయిన పిల్లవాడి గొంతునే.

ఇది చదివి మీవాణ్ని కూడా బలవంతంగా స్టేజీ ఎక్కించకండి. క్రౌచ్ మాస్టారు ఆ పిల్లవాడికి దేని మీద ప్రేమ ఉందో ముందు చూశారు, ఆ తర్వాతే లేచి నిలబడమన్నారు. మీవాడు మాట్లాడుతుంటే వాక్యం మీరు పూర్తి చేయకండి. "మెల్లగా చెప్పు, ఊపిరి పీల్చుకో" అని మధ్యలో అనకండి. వాడి ముఖంలోకి చూస్తూ చెప్పేదాకా ఆగండి. వస నాకిస్తే పోతుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, వాళ్ల మాట పట్టుకుని కాలం పోగొట్టుకోకండి. స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇది వాళ్లు రోజూ చేసే పనే. క్లాసులో వాణ్ని అకస్మాత్తుగా లేపవద్దని టీచరుకి కూడా ఒక మాట చెప్పండి.

ప్రశ్న: సినిమాల్లో అంత పేరొచ్చాక కూడా ఆయన నాటకాల వైపు ఎందుకు తిరిగాడు? మన దగ్గర సినిమా ఛాన్సు రాగానే పరిషత్తు నాటకాలకు సెలవే కదా.
(పరిషత్తు కళాకారుడు, తెనాలి)

ఆయన స్థాయికి తగిన పాత్రలు దొరికింది స్టేజీ మీదే కాబట్టి. నా మట్టుకు నాకు ఇంతకన్నా పెద్ద కారణం కనిపించదు.

సైన్యంలో ఆఫీసరుగా పనిచేసి వచ్చి, న్యూయార్క్‌లో రాత్రిళ్లు నేలలు తుడిచే పని చేసుకుంటూ నటన నేర్చుకున్నాడు. 1960ల్లో జోసెఫ్ పాప్ అనే నిర్మాత సెంట్రల్ పార్కులో జనానికి షేక్‌స్పియర్ నాటకాలు ఉచితంగా వేసేవాడు. అక్కడ 'ఒథెల్లో' చేశాడు. అక్కడే 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో చూసి దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్'లోకి తీసుకున్నాడు. 1964లో వచ్చిన ఆ సినిమాలో ఆయనది చిన్న పాత్ర.

పేరు తెచ్చింది 'ద గ్రేట్ వైట్ హోప్'. 1967లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్‌లో మొదలై, మరుసటి ఏడాది బ్రాడ్వేకి వెళ్లింది. 1908లో తొలి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ అయిన జ్యాక్ జాన్సన్ జీవితం దానికి ఆధారం. అతన్ని ఓడించగల తెల్లవాడు ఒక్కడైనా దొరకడా అని దేశమంతా వెతికిన రోజులవి. ఈయన గుండు గీయించుకుని, బాక్సర్‌లా ఒళ్లు గట్టిపరుచుకుని రింగులోకి దిగాడు. చిన్నప్పుడు వదిలేసి వెళ్లిన తండ్రి రాబర్ట్ ఎర్ల్ జోన్స్ కూడా ఒకప్పటి బాక్సరే, ఆ తర్వాత నటుడయ్యాడు. 1969లో ఈ పాత్రకి, బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. 1970లో అదే సినిమాగా తీస్తే ఆస్కార్ ఉత్తమ నటుడి నామినేషన్ వచ్చింది. సిడ్నీ పోయిటియర్ తర్వాత ఆ నామినేషన్ అందుకున్న రెండో నల్లజాతి నటుడు ఈయన. అంత జరిగినా అంతటి సినిమా పాత్రలు వరసపెట్టి రాలేదు. 1973లో 'కింగ్ లియర్', 1974లో 'ఆఫ్ మైస్ అండ్ మెన్'లో అమాయకపు లెన్నీ, రెండూ స్టేజీ మీదే.

ఆ తర్వాత 1987లో ఆగస్ట్ విల్సన్ రాసిన 'ఫెన్సెస్'. ఇది మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన నాటకం. 1950ల పిట్స్‌బర్గ్. ట్రాయ్ మ్యాక్సన్ చెత్త బండి మీద పనిచేస్తాడు. ఒకప్పుడు నల్లవాళ్ల లీగుల్లో గొప్ప బేస్‌బాల్ ఆటగాడు. పెద్ద లీగుల్లోకి నల్లవాళ్లను రానిచ్చేసరికి అతని వయసు దాటిపోయింది. ఇప్పుడు కొడుక్కి ఫుట్‌బాల్ వల్ల కాలేజీ సీటు వచ్చే అవకాశం ఉంటే దానికి అడ్డం పడతాడు.

నేనెప్పుడూ నా శిష్యులకు చూపించే సీను ఇందులోదే. నేనంటే నీకెందుకు ఇష్టం లేదు అని కొడుకు అడుగుతాడు. తండ్రి వాణ్ని తిన్నగా నిలబెట్టి ఒక్కొక్కటే అడుగుతాడు: రోజూ తింటున్నావా, తలమీద కప్పు ఉందా, ఒంటిమీద బట్టలున్నాయా. కొడుకు ప్రతిదానికీ "అవును సార్" అంటాడు. ఇదంతా నీ మీద ఇష్టంతో చేస్తున్నాననుకున్నావా, ఇది నా బాధ్యత కాబట్టి చేస్తున్నాను అంటాడు తండ్రి. ఈ సీను మన దగ్గర పడితే హ్యాంగింగ్ మైకులు పగిలేలా అరిచేస్తాం. జోన్స్ అరుపుని దాచుకుంటాడు. ముందు అడగడం మాత్రమే, లెక్కలు చూసే మనిషిలా. కొడుకు దగ్గరగా వచ్చి నిలబడతాడు. ఆ భారీ శరీరం ముందుకు వంగుతుంది. వీడు నాలాగా మోసపోకూడదన్న భయం మాటల్లో లేదు, ఆ వంగడంలో ఉంది. కొడుకుగా వేసిన కోర్ట్నీ బి. వాన్స్ కూడా ఎక్కడా తగ్గడు. రెండో టోనీ ఈ పాత్రకే వచ్చింది. ఇదే పాత్రని 2010లో డెంజెల్ వాషింగ్టన్ బ్రాడ్వేలో చేసి, 2016లో సినిమాగా తీశాడు. మీరు సినిమా చూడండి, కానీ ఇంటర్నెట్‌లో జోన్స్, వాన్స్ ఆడిన ఆ సీను కూడా వెతికి పెట్టుకుని చూడండి.

ప్రశ్న: 'స్టార్ వార్స్'కి ఆయనకు ఎంతిచ్చారు? టైటిల్స్‌లో పేరు లేదట, నిజమేనా?
(ఒక విద్యార్థి, వరంగల్)

నిజమే. 1977 సినిమాకి 7,000 డాలర్లు ఇచ్చారని ఆయనే చెప్పాడు. కొన్ని గంటల పని. నల్ల కవచంలో ఉన్న మనిషి డేవిడ్ ప్రౌస్. పాత్ర అతనిది, నాది స్పెషల్ ఎఫెక్టు లాంటిది మాత్రమే అని పేరు వేయవద్దన్నది జోన్సే. 1983లో వచ్చిన మూడో సినిమాకి గానీ పేరు పడలేదు. రెండో సినిమాలో నేనే నీ తండ్రినని వేడర్ చెప్పే డైలాగు కాగితం మీద చూసి, ఈ దుర్మార్గుడు అబద్ధం చెబుతున్నాడు అనుకున్నాడట. ఇది నాకు చాలా నచ్చే సంగతి. అబద్ధమాడుతున్నాననుకునే నటుడు ఆ మాటను నమ్మించడానికి మరింత గట్టిగా చెబుతాడు కదా.

ప్రశ్న: ఆస్కార్ వచ్చిందా?
(కరీంనగర్ పాఠకుడు)

పోటీలో రాలేదు. 2011లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అప్పుడాయన లండన్‌లో వెనెస్సా రెడ్‌గ్రేవ్‌తో 'డ్రైవింగ్ మిస్ డైసీ' నాటకం ఆడుతున్నాడు. ఆట మానుకుని వెళ్లలేదు. ఆస్కార్ బొమ్మే లండన్ వచ్చింది. నాటకం అయ్యాక స్టేజీ మీదే బెన్ కింగ్‌స్లీ చేతుల మీదుగా ఇచ్చారు. 1991లో ఒకే ఏడాది రెండు ఎమ్మీలు (టీవీ అవార్డులు), 2017లో జీవిత సాఫల్యానికి మరో టోనీ.

ప్రశ్న: చనిపోయాక కూడా ఏఐతో ఆయన గొంతు వాడుతున్నారట. నేను ఇప్పుడే డబ్బింగ్‌లోకి వచ్చాను. టెన్షన్‌గా ఉంది.
(హైదరాబాద్)

తమ్ముడూ, నీ టెన్షన్‌లో అర్థం ఉంది. ఆయన బతికుండగానే పాత రికార్డింగుల నుంచి వేడర్ గొంతు తయారు చేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ పని చేసింది ఉక్రెయిన్‌కి చెందిన రెస్పీచర్ కంపెనీ. 2022లో వచ్చిన 'ఒబి-వాన్ కెనోబి' సిరీస్‌లో వాడారు. 2024 సెప్టెంబరు 9న, 93 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. 2025లో 'ఫోర్ట్‌నైట్' గేములో ఏఐ వేడర్ వచ్చింది. కుటుంబం ఒప్పుకుంది. కానీ అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా, తమతో చర్చించకుండా మనిషి చేయాల్సిన పనిని మెషీన్‌కి ఇచ్చారని ఫిర్యాదు చేసింది.

నేను సంఘం పక్షమే. ఆయన తన గొంతు ఇవ్వడం ఆయన హక్కు, అందులో తప్పు పట్టను. కానీ ఆ పాత్రని రేపు చెప్పాల్సిన కుర్రవాడి కూలి సంగతి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. నువ్వు చేయాల్సింది ఒకటుంది. డబ్బింగ్ అయ్యాక సంతకం పెట్టమనే కాగితాన్ని చదువు. "భవిష్యత్తులో ఏ రూపంలోనైనా" అని ఉంటే అడుగు, ఏ సినిమాకి చెప్పావో దానికే అని రాయించుకో. పేమెంటు చేతిలో పెట్టే తొందరలో చాలామంది అది చూడరు.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్తున్నాం. న్యూయార్క్‌లో ఆయన పేరు మీద థియేటర్ ఉందట. చూడొచ్చా?
(రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం)

ఉందండి, 48వ వీధిలో. 1912లో కట్టిన కోర్ట్ థియేటర్‌కి 2022లో ఆయన పేరు పెట్టారు. 1958లో 'సన్‌రైజ్ ఎట్ క్యాంపబెల్లో' నాటకంలో నౌకరు వేషం వేసింది ఆ థియేటర్లోనే. బయట బోర్డు దగ్గర ఫోటో దిగి వచ్చేయకండి, అప్పటికి ఏ నాటకం ఆడుతుంటే అది చూడండి. టికెట్లు ఖరీదు. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ కౌంటర్ ఉంటుంది, ఆ రోజు ఆటలకి మిగిలిన టికెట్లు తగ్గింపు ధరకు అమ్ముతారు. కాస్త ముందే వెళ్లి లైన్లో నిలబడండి. వెళ్లే ముందు ఆ నాటకం కథ మీ అమ్మాయిని అడిగి తెలుసుకుంటే యాస పట్టుబడుతుంది. ఏం చూశారో, ఎవరు బాగా చేశారో వచ్చాక నాకు రాయండి.